కొత్త కోడిపిల్లలను పాత కోళ్లలో కలపడం ఎలా?

మొదటిసారి నేను చేసిన నిర్వాకం ఇది. గ్రామప్రియ అనే పెరటి రకం కోళ్ల ఆరు వారాల పిల్లలు తొమ్మిదింటిని అట్టపెట్టెలో తెచ్చి, సాయంత్రం నూకలు చల్లే వేళకు మా ఏడు నాటు పెట్టల మధ్య వదిలేశాను. అన్నీ కోళ్లే కదా, వాటిలో అవే కలిసిపోతాయనుకున్నాను. తెల్లారి గూటి తలుపు తీస్తే ఒక పిల్ల తల వెనక తోలు లేచిపోయి చచ్చి పడి ఉంది. రెండు గడ్డివాము సందులో దూరి ఎంత పిలిచినా బయటికి రాలేదు. మిగతా ఆరూ మూలన ఒకదానిమీద ఒకటి ఎక్కి వణుకుతున్నాయి. మా అత్తమ్మ తిట్టలేదు. “కొత్త కోడలు అచ్చిన్నాడే బీరువ తాళాలిస్తమా బిడ్డా? గివి గూడ గంతే” అన్నది.

మాది జనగామ వైపు పల్లె. ఆ తర్వాత చాలా విడతల పిల్లల్ని కలిపాను. వాటిని చూస్తూ నాకు అర్థమైంది ఇదీ: పిల్లలు చచ్చేది పెట్టలు పొడిచినందుకు కాదు, పొడిచినప్పుడు పారిపోవడానికి చోటు లేక. పొడవడం ఎలాగూ ఆగదు. కోళ్లలో ఎవరు ముందు తినాలి, ఎవరు పక్కకు తప్పుకోవాలి అన్న వరస ఒకటి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ కోళ్లను గమనిస్తూ పెరిగిన నార్వే శాస్త్రవేత్త తోర్లీఫ్ ష్యెల్డెరుప్-ఎబ్బె 1920ల మొదట్లోనే ఈ పొడుచుకునే వరస గురించి రాశాడు. కొత్తది వచ్చిన ప్రతిసారీ ఆ వరస మళ్లీ మొదటి నుంచి తేలాలి. దాన్ని మనం ఆపలేం. రక్తం కారకుండా తేలేలా వాకిలి సర్దగలం, అంతే.

ముందు చూడాల్సింది: తల్లి ఉందా, లేదా?

మీ పెట్టే పొదిగి తీసిన పిల్లలైతే కింద రాసినదాంట్లో సగం మీకు అక్కర్లేదు. మొదటి వారం పది రోజులు గద్దలకూ కాకులకూ దొరక్కుండా గంప కింద ఉంచి, తర్వాత వదలండి. పిల్లల తల్లి ఈకలు రిక్కించి ఒక్కసారి ఉరికిందంటే పుంజు కూడా పక్కకు జరుగుతుంది. తల్లికోడి తొక్కితే పిల్ల చావదంటారు. పక్క కోడి పొడిస్తే చస్తుంది. ఆ పక్క కోడిని దూరం ఉంచే పని తల్లే చూసుకుంటుంది. రెండు నెలలు దాటాక మళ్లీ గుడ్లకు వచ్చే ముందు తనే పిల్లల్ని పొడిచి తరిమేస్తుంది. అప్పటికి మిగతా పెట్టలకు ఆ పిల్లలు పాత మొహాలే.

చిక్కంతా తల్లి లేని పిల్లలతోనే. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ, పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రాజశ్రీ, ఇవన్నీ యంత్రంలో పొదిగి మన చేతికి వచ్చేవి. వీటికి తల్లి పిలుపు తెలియదు, పెద్దకోడి కన్నెర్ర చేస్తే తప్పుకోవాలనీ తెలియదు. పళ్లెంలోకి పెట్ట కంటే ముందే తల దూరుస్తాయి, దెబ్బ తింటాయి.

ఒక దగ్గరి దారి ఉంది, దొరికితే వదలకండి. మీ నాటు పెట్ట ఏదైనా పొదుగులో కూర్చుని రెండు మూడు వారాలైందనుకోండి. ఒకటి రెండు రోజుల వయసు పిల్లల్ని తెచ్చి, చీకటి పడ్డాక లైటు వేయకుండా, ఒక్కో గుడ్డు తీస్తూ ఆ చోట ఒక్కో పిల్లను దాని కింద పెట్టండి. తెల్లారేసరికి తనే తీసిన పిల్లలనుకుంటుంది. ఉదయం మాత్రం దగ్గరే ఉండండి. కొన్ని పెట్టలు రంగు తేడా పిల్లను ఒప్పుకోవు, పొడుస్తాయి. అలాంటప్పుడు వెంటనే తీసేయాలి. మూడు నాలుగు రోజులు దాటిన పిల్లలకు ఈ ఉపాయం సరిగా పారదు. అప్పటికి వాటికి బల్బే తల్లి.

బయటి నుంచి తెచ్చినవైతే మూడు వారాలు విడిగా

పెట్టె దించగానే కలపాలనిపిస్తుంది. వద్దు. కనీసం మూడు వారాలు, వీలైతే నెల, పాత కోళ్లకు దూరంగా వేరే కొట్టంలోనో ఇంటి అవతలి వైపో ఉంచండి. నీళ్ల గిన్నె, మేత పళ్లెం, ఊడ్చే చీపురు అన్నీ వేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాలకు ఫారాలు ఖాళీ చేయించిన సంగతి గుర్తుండే ఉంటుంది. పెరటి కోళ్లకు రోగాలు ఎక్కువగా వచ్చేది ఇలా కొత్త కోడి వెంటో, మన చెప్పుల వెంటో.

ముందు ఎవరికి మేత వేయాలి అన్నది చాలామంది తప్పు చేసే చోటు. హేచరీ నుంచి టీకాలతో నేరుగా వచ్చిన చిన్న పిల్లలైతే ముందు వాటి పని చూసుకుని, తర్వాత పెద్దకోళ్ల దగ్గరికి వెళ్లండి. పెద్దవాటికి పైకి ఏమీ లేకున్నా లోపల గురక తెగులు దాచుకుని ఉండొచ్చు, పిల్లలు తట్టుకోలేవు. అదే అంగట్లో గంపలో పెట్టి అమ్మే పిల్లల్ని కొన్నారా, అప్పుడు అనుమానం పిల్లల మీద. పెద్దకోళ్ల పని ముగించి, చివర్లో వీటి దగ్గరికి వెళ్లి, చేతులు కాళ్లు కడుక్కోండి.

ఈ రోజుల్లో చూడాల్సినవి: ముక్కు కారడం, గురక, కళ్లు వాయడం, రెక్కలు వేలాడేసి నిలబడటం, రెట్టలో రక్తం. రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడండి. పాత కోళ్లకు కూడా చూడాలి. కొత్తవాటిని తెచ్చే ముందే పాతవాటికి నట్టల మందు పోయించి, గూటికి సున్నం వేస్తే సగం గోల తప్పుతుంది.

టీకాల వరస మామూలుగా ఇలా ఉంటుంది: 5-7 రోజులకు కొక్కెర తెగులుకు (రాణిఖేత్) లసోటా టీకా కంటిచుక్క, 14వ రోజుకు గంబోరో తెగులు టీకా, 28వ రోజుకు మళ్లీ లసోటా, 6-7 వారాలకు మశూచి, 8-9 వారాలకు కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ సూది. పిల్లల్ని అమ్మినవాళ్లు ఎంతవరకు వేయించారో అడిగి కాగితం మీద రాయించుకోండి. మిగిలినవి మీ ఊరి పశువైద్యుడితో వేయించండి. టీకా వేసిన వారం పది రోజుల్లో కలపొద్దు. టీకా బడలిక, కొత్త చోటు బెదురు రెండూ ఒకేసారి పడితే పిల్ల మునగదీసుకుని కూర్చుంటుంది.

జాలీ చాటున చూపులు: రెండు వారాలు

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. మా ఇంట్లో దీన్ని పెళ్లిచూపులు అంటాం. చూసుకోవచ్చు, ముట్టుకోకూడదు.

పాత కోళ్లు తిరిగే చోటే, గూటికి ఆనుకుని, చిన్న జాలీ గది కట్టండి. పది పిల్లలకు 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు చాలు. పైన కూడా జాలీ ఉండాలి, గద్ద పై నుంచే వస్తుంది. బజారులో దొరికే ఆరు పలకల పలుచటి కోళ్ల జాలీ పెట్టల్ని ఆపుతుంది గానీ పామును, ముంగిసను ఆపదు. అర అంగుళం గళ్ల వెల్డ్ జాలీ కొనండి, ఖరీదు ఎక్కువే. అడుగున ఒక జానెడు లోతు మట్టిలోకి దించండి, పందికొక్కులు తవ్వకుండా.

పగలంతా పిల్లలు ఇందులో, పక్కనే పెట్టలు బయట. జాలీకి అటూ ఇటూ మేత పళ్లేలు ఎదురెదురుగా పెట్టండి. ఒకరి పక్కన ఒకరు తినడం అలవాటవుతుంది. మొదటి రెండు రోజులు మీ పెద్ద పెట్ట జాలీ పొడవునా తిరుగుతూ, మెడ ఈకలు లేపి, జాలీని పొడుస్తుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో దానికే విసుగు పుట్టి చెత్తకుప్ప దగ్గరికి పోతుంది. పెట్టలు జాలీ పక్కనే ఒళ్లు విరుచుకుని దుమ్ములో పొర్లాడటం మొదలుపెట్టాయంటే పని జరుగుతోందని గుర్తు. పది రోజులైనా ఒక పెట్ట జాలీ దగ్గరే కాపలా కాస్తోందంటే దాన్ని గుర్తుపెట్టుకోండి. ఆ మహాతల్లితో పని తర్వాత ఉంది.

దీంతో ఇంకో లాభం కూడా ఉంది. రక్తపారుడుకు కారణమయ్యే క్రిములు పెద్దకోళ్లు తిరిగే నేలలో ఉంటాయి. 3-6 వారాల పిల్లలకు ఒక్కసారిగా ఎక్కువ తగిలితే ప్రాణం మీదికొస్తుంది, కొంచెం కొంచెంగా తగిలితే తట్టుకునే శక్తి పెరుగుతుంది. జాలీ గది ఆ కొంచెం కొంచెం తగిలేలా చేస్తుంది. నేల మాత్రం పొడిగా ఉండాలి. వరి ఊక పరిచి, తడిసిన చోటుది తీసేస్తూ ఉండండి. వానాకాలంలో ఇది పెద్ద తలనొప్పి. అందుకే నేను కలపడం దసరా తర్వాతే మొదలుపెడతాను. ఎండలు ముదిరాక అసలు పెట్టుకోను. నలభై డిగ్రీల ఎండలో నీడ కోసం జరిగే కొట్లాటలో కొత్త పిల్లలే ఎండలోకి తరిమివేయబడతాయి. పైగా పల్లెల్లో కొక్కెర తెగులు ఎక్కువగా విరుచుకుపడేది ఎండాకాలంలోనే.

వాకిలి సర్దడం

జాలీలో పిల్లలు ఉన్న ఈ రెండు వారాల్లోనే బయట మార్పులు చేసేయండి. బోసి వాకిలి పిల్లలకు యమపురి. తరిమిన పెట్టకు పిల్ల కనిపించకుండా పోతే రెండు అంగలేసి మరిచిపోతుంది. కనిపిస్తూనే ఉంటే వదలదు.

గోడకు వాలుగా ఒక పాత తలుపు చెక్క, తలకిందులుగా పెట్టిన విరిగిన మంచం, కందికట్టె మోపు, రెండు వైపులా తెరిచిన అట్టపెట్టె, ఇంట్లో ఉన్న ఏదైనా సరే. షరతు ఒక్కటే: ప్రతి దాక్కునే చోటుకూ రెండు దారులుండాలి. ఒకే దారి ఉన్నది దాక్కునే చోటు కాదు, బోను. మా గడ్డివాము సందు అలాంటిదే. గూటి మూలలకు కూడా ఒక చెక్కను అడ్డంగా వాల్చి మూల లేకుండా చేయండి.

మేత పళ్లేలు, నీళ్లు కనీసం మూడు చోట్ల, ఒకచోట నిలబడితే ఇంకోచోటు కనిపించనంత ఎడంగా పెట్టండి. పెద్ద పెట్ట ఒకటే, అది ఒకేసారి మూడు చోట్ల కాపలా కాయలేదు.

ఆ తర్వాత జాలీ గదికి ఒక కంత పెట్టండి, పిల్ల దూరేలా, పెట్ట దూరకుండా. వెడల్పు సాధారణంగా 4-5 అంగుళాలు. కానీ ఆ కొలతను నమ్ముకోకండి. మీ పెట్టల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని పట్టుకుని రొమ్ము దగ్గర కొలిచి, దానికంటే అంగుళం తగ్గించండి. గ్రామప్రియ, నాటు పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. వనరాజా పిల్లలు బరువుగా, త్వరగా పెరుగుతాయి. తొమ్మిది పది వారాలకు అవి మన నాటు పెట్ట పక్కన నిలబడితే పెద్ద తేడా ఉండదు, కంతలో ఇరుక్కుంటాయి. వాటికి కంత కంటే చాటు చోట్లే ఎక్కువ పెట్టాలి.

కలిపే వారం

వయసు 9-10 వారాలు, ఒంటి నిండా ఈకలు, నూగు పోయి ఉండాలి. వయసు కంటే సైజు చూడండి. పెట్టలో సగమైనా లేని పిల్లను కలపొద్దు. ఒక్క పిల్లను ఎప్పుడూ కలపకూడదు. నాలుగైదు ఉంటే పోట్లు పంచుకుంటాయి, ఒక్కటే ఉంటే అన్ని పోట్లూ దానికే.

మొదటి రోజు సాయంత్రం, చీకటి పడటానికి గంట ముందు కంత తెరవండి. పిల్లల్ని బయటికి నెట్టొద్దు, వాటిష్టం. అదే సమయానికి పెట్టలకు వాకిలి అవతలి చివర ఆకుకూర కట్టో, చెదలు పట్టిన కుండో పెట్టండి. ముంత బోర్లించి చెదలు పట్టి కోళ్లకు వేయడం మా అత్తమ్మ పద్ధతి. దాని ముందు పెట్టలకు ఈ లోకం కనిపించదు. మీరు మధ్యలో పీట వేసుకుని కూర్చోండి, ఫోను ఇంట్లో పెట్టి రండి. ఆ గంట కళ్లు వాటి మీదే ఉండాలి.

రెండో రోజు నుంచి సమయం పెంచుతూ పోండి. నాలుగైదు రోజులకు పగలంతా. భయపడ్డ పిల్ల కంతలోంచి తన గదికి పరుగెత్తి అక్కడి మేత తిని మళ్లీ వస్తుంది. వారం పది రోజులు ఆ గదిని అలాగే ఉంచాలి. “కలిసిపోయాయిలే” అని మూడో రోజే తీసేసి నేను ఇంకోసారి దెబ్బతిన్నాను.

పడుకునే చోటు చివరి మెట్టు. గూట్లో పిల్లలు పారిపోలేవు, కాబట్టి పగటి కలివిడి స్థిరపడ్డాకే ఒకే గూడు. చీకట్లో కోళ్లకు చూపు ఆనదు. అందుకే రాత్రిపూట పిల్లల్ని తెచ్చి గూట్లో కర్రల మీద పెట్టెయ్యమని చాలామంది చెబుతారు. రాత్రంతా బాగానే ఉంటుంది, తెల్లారాక ఎవరు నువ్వు అని మొదలవుతుంది. జాలీ వారాలు గడిచాక అయితే ఈ పద్ధతి పనిచేస్తుంది. మొదటి వారం తెల్లవారుజామునే లేచి, వెలుగు రాకముందే తలుపు తీయగలిగితేనే చేయండి. కోడికి కర్ర మీద 8 అంగుళాలైనా చోటుండాలి. అన్నీ ఒకే ఎత్తులో కాకుండా కింద ఇంకో కర్ర కడితే పిల్లలు దాని మీద సర్దుకుంటాయి. పై కర్ర జోలికి ఇప్పుడే పోవు.

మేత సంగతి

గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం మూడున్నర నాలుగు శాతం దాకా ఉంటుంది, పిల్లల దాణాలో ఒక శాతం దగ్గర్లో. లేయర్ దాణా పిల్లలు వారాల తరబడి తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలిసి తిరిగే కోళ్లకు రెండు రకాలు వేరువేరుగా పెట్టడం జరిగే పని కాదు. కాబట్టి అన్నిటికీ గ్రోయర్ దాణానే, అంటే ఎదిగే కోళ్ల దాణానే పెట్టి, పెట్టల కోసం గుల్ల పొడి విడిగా ఒక గిన్నెలో ఉంచండి. గుడ్డు పెట్టేదానికి కావలసినంత అదే తింటుంది, పిల్లలు దాని జోలికి పెద్దగా పోవు. మందు కలిపిన పిల్లల దాణా మాత్రం పెట్టలకు పెట్టకండి, ఆ మందు గుడ్డులోకి రావచ్చు. సంచి మీద చూసుకోండి.

చీకటి పడ్డాక రెండు మూడు పిల్లల్ని పట్టుకుని మెడ కింద మేత సంచి తడిమి చూడండి. నిండుగా, కొంచెం గట్టిగా తగిలితే తిన్నట్టు. ఖాళీగా ఉంటే పగలు దాన్ని ఎవరో మేత దగ్గరికి రానివ్వడం లేదన్నమాట. ఒంటి మీద గాయం లేకపోయినా వారంలో చిక్కి చచ్చే పిల్లలు ఇవే. మొదటి రోజుల్లో నేను దీన్ని చూడక “ఏదో రోగం” అనుకునేదాన్ని.

ఎప్పుడు అడ్డుపడాలి?

నెత్తి మీద ఒక పోటు, రెండడుగుల తరుము, ఈకలు లేపడం, ఇవి పట్టించుకోకండి. ప్రతిసారీ మీరు చీపురు పట్టుకుని ఉరికితే వరస ఎప్పటికీ తేలదు. ఒక పిల్లను రెండు మూడు పెట్టలు కలిసి తరిమినా, మూలకు నెట్టి వదలకుండా పొడిచినా, రక్తం కనిపించినా మాత్రం వెంటనే పిల్లను తీసేయండి. కోళ్లకు ఎరుపు కంటపడితే ఇంకా పొడుస్తాయి, చివరికి దాని తోటి పిల్లలే పొడుస్తాయి. గాయం కడిగి అయోడిన్ మందు రాసి, ఎండి ఈకలు కమ్మేదాకా జాలీ గదిలో ఉంచండి. దానికి తోడుగా ఇంకో పిల్లను కూడా ఉంచితే తిరిగి వచ్చినప్పుడు కొత్తదైపోదు.

ఇక ఆ మహాతల్లి. ఎప్పుడూ ఒకే పెట్ట గొడవ చేస్తుంటే పిల్లల్ని కాదు, దాన్ని తీసి నాలుగైదు రోజులు మిగతావాటికి కనిపించని చోట గంప కింద పెట్టండి. మేత, నీళ్లు, నీడ అన్నీ ఇవ్వండి. అది లేనప్పుడు మిగతావి కొత్త వరస పెట్టుకుంటాయి. తిరిగొచ్చేసరికి తనే కొత్తకోడి, తన చోటు కోసం వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ముక్కు కొసలు కత్తిరించడం ఫారాల పని. పెరట్లో పురుగులు ఏరుకుని బతికే కోడికి ముక్కు కోస్తే దాని కంచం లాక్కున్నట్టే.

పందెం జాతి, అంటే అసీల్ నెత్తురున్న పెట్టలుంటే పైన చెప్పిన రోజులన్నీ రెట్టింపు చేయండి. పెట్టలు కూడా చచ్చేదాకా కొట్లాడే జాతి అది. అసీల్ పుంజు పిల్లలు మూడు నెలలు దాటితే తమలో తాము తలపడతాయి, వాటిని విడిగానే పెంచాలి. మామూలు పుంజు పిల్లల జోలికి పెద్దగా రాదు, పైగా పెట్టల గొడవలో అడ్డు కూడా వస్తుంది. కానీ కొత్త పెట్టపిల్లలు ఎదిగే వేళ దాని బరువు వాటి వీపు మీద పడకుండా చూసుకోవాలి. పది పెట్టలకు ఒక పుంజు చాలు.

కొత్త విడతలోని పుంజు పిల్లలు నాలుగో నెలకు కూతకొస్తాయి, వనరాజావైతే ఐదో నెలకు మీ పాత నాటు పుంజును కిందికి చూస్తాయి. అప్పుడు వరస మొత్తం మళ్లీ తిరగబడుతుంది. ఒకటి ఉంచుకుని మిగతావి ఏం చేయాలో ముందే అనుకోండి. మా వైపు మేడారం జాతర ఏడాదైతే ఆ లెక్క మాఘమాసానికే తేలిపోతుంది.